ఆవిడకి చెప్పు, ఇశ్రాయేలూ

అక్కాచెల్లెళ్ళిద్దరికీ మాటల్లేవని ఉయ్యూరంతటికీ తెలుసు. తల్లి పసుపుకుంకుమల కింద వచ్చిన అరెకరం కోసం పెద్దది సుబ్బరత్నం దావా వేసింది, చిన్నది రాజ్యలక్ష్మి ఎదురు నిలబడింది. దాంతో ఒకరి గడప ఒకరు తొక్కడం మానేశారు. కానీ వాయిదా రోజున చూడాలి వాళ్ళని! సుబ్బరత్నం ఉయ్యూరులో బస్సెక్కి, రాజ్యలక్ష్మి పటమట నుంచి ఆటోలో వచ్చి, బెజవాడ కోర్టు వరండాలో ఒకే బల్ల మీద కూర్చునేవాళ్ళు. ఈ చివర ఒకరు, ఆ చివర ఒకరు. మధ్యలో సుబ్బరత్నం తెచ్చిన పెరుగన్నం గిన్నె.

మాటలన్నీ కోర్టు బంట్రోతు ఇశ్రాయేలు మీదుగా నడిచేవి. కేసులు పిలవడం అతని పని. పిలుపుకీ పిలుపుకీ నడుమ వీళ్ళ మాటలు మోయడం అదనం.

“ఇశ్రాయేలూ, ఆవిడకి చెప్పు, అన్నం మిగిలింది. తింటే తినమను, లేకపోతే కుక్కకి పెడతా.”

రాజ్యలక్ష్మి ఆవకాయ ముక్క నంజుకుని, గోడకేసి చూస్తూ, “ఆవిడకి చెప్పు, ఉప్పెక్కువైందని” అనేది.

“ఎక్కువైంది ఉప్పు కాదు, నోరు అని చెప్పు.”

“నన్నొదిలెయ్యండమ్మా, ఇద్దరికీ చెవులు బాగానే ఉన్నాయిగా!” అని ఇశ్రాయేలు నవ్వుకుంటూ పోయేవాడు. గిన్నె మాత్రం ఖాళీ అయ్యేది.

అలాంటిది కరోనా వచ్చి కోర్టు తలుపులు మూయించింది. కొన్నాళ్ళకి కేసులు ఫోన్లలోనే నడవడం మొదలైంది.

“మీరు రానక్కర్లేదండీ. ఇంట్లో క్షేమంగా ఉండండి. జడ్జిగారికి నేనే చెప్పేస్తా” అన్నాడు రాజ్యలక్ష్మి లాయరు పవన్‌కుమార్.

“మా అక్క కనబడుద్దా బాబూ అందులో?”

“లాయర్లమే కనబడతామండీ.”

“మీ మొహాలు చూసి నేనేం చేసుకోను!”

ఆ రోజుల్లోనే రాజ్యలక్ష్మి మనసు మెత్తబడింది. వీధిలో ఇంటింటి ముందూ అంబులెన్సు ఆగుతుంటే ఇంక అరెకరం ఎవరిక్కావాలి? అక్కనే తీసుకోమందాం అనుకుంది. ఆ మాట ఇశ్రాయేలు చేత చెప్పించకూడదు, తనే ‘అక్కా’ అని పిలిచి చెప్పాలి. ఫోనులో అంటే, గొంతు వినగానే అక్క పెట్టేస్తుంది. బల్ల మీదయితే కేసు పిలిచేదాకా లేచి ఎక్కడికి పోతుంది?

మళ్ళీ కోర్టుకి రమ్మన్నారని తెలిసి ఆమె గోంగూర పచ్చడి నూరింది. గేటు దగ్గర నుదుటికేసి తుపాకీలాంటిది పెట్టి జ్వరం చూశారు, చేతుల్లో మందు పోశారు. పిలుపు దగ్గరపడిన వాళ్ళనే లోపలికి వదులుతున్నారు. వరండాలో బల్ల నడిమధ్య ఎర్రటేపుతో ఇంటూ మార్కు వేసి ఉంది. రాజ్యలక్ష్మి తన చివర కూర్చుని, పచ్చడి గిన్నె ఆ ఇంటూ మీద పెట్టింది.

“అమ్మా, అక్కడ ఖాళీ ఉంచాలంట” అన్నాడు ఇశ్రాయేలు మాస్కు వెనకనుంచి.

“ఇప్పుడు చెప్తున్నారా? మేం ఇన్నేళ్ళనుంచీ ఉంచట్లా!”

మాస్కు కట్టుకుని మెట్లెక్కే ప్రతి ముసలామె నడకలోనూ అక్కను వెతుక్కుంది. ఈలోగా కేసు రానే వచ్చింది, గిన్నె అక్కడే ఉంచి లోపలికెళ్ళి నిలబడింది.

“సుబ్బరత్నం!” గుమ్మంలో నిలబడి కేకేశాడు ఇశ్రాయేలు. “సుబ్బరత్నం!” పద్ధతి ప్రకారం మూడోసారీ పిలిచాడు, ఈసారి మెట్లదాకా వెళ్ళి.

బస్సు ఆలస్యమై ఉంటుంది, కాస్త ఆగండయ్యా అనబోయింది రాజ్యలక్ష్మి.

అవతలి లాయరు లేచి నిలబడ్డాడు. “వాది పోయిన నెల కరోనాతో చనిపోయారండి. వారసుల్ని చేర్చడానికి గడువు ఇప్పించండి.”

జడ్జిగారు వాయిదా వేశారు. ఇంకో కేసు పిలిచారు.

రాజ్యలక్ష్మి ఎలా బయటికొచ్చిందో ఏమో, వచ్చి అదే బల్ల మీద అదే చివర కూలబడింది. ఆఖరిచూపుకి ఎవర్నీ రానివ్వలేదట. వచ్చే దారి లేనప్పుడు కబురెందుకని అక్క ఇంటివాళ్ళు చెప్పలేదట. ఇశ్రాయేలు వచ్చి పక్కన నిలబడ్డాడు. పచ్చడి గిన్నె మూత తియ్యకుండానే ఉంది.

“ఇశ్రాయేలూ” అందామె, ఎప్పటిలాగే గోడకేసి చూస్తూ. “ఆవిడకి చెప్పు.”

అలవాటు చొప్పున అతను బల్ల అవతలి చివరకి తిరిగాడు. తిరిగి, అలాగే ఉండిపోయాడు.

“ఏం చెప్పమంటారమ్మా?”

అరెకరం మాట నోటిదాకా వచ్చి అక్కడే ఆగిపోయింది.

“ఏనాడూ ఉప్పెక్కువ కాలేదని చెప్పు.”