శిఖరిణి మూడో పాదం

మిథిలలో భవదేవ మిశ్ర దగ్గర ఛందస్సు నేర్చుకోవడానికి కమలా నది అవతలి ఊళ్ళ నుంచి కూడా పిల్లలు వచ్చేవారు. వాళ్ళలో రుచిపతి మెరిక. పాదంలో అక్షరం తప్పితే గురువు వీపు చిట్లగొట్టేవాడు. "తప్పు విని ఊరుకున్నవాడు తప్పు చేసినవాడికంటే నీచుడురా" అనేవాడు.

ముసలితనంలో ఆయనకు మతిమరుపు పట్టుకుంది. ఆ సంగతి భార్య కుముదినికి తప్ప ఎవరికీ తెలియదు. ఆ ఏడు రాజుగారి సభలో ఆయన శిఖరిణి వృత్తంలో ఆశువుగా శ్లోకం చెప్పాడు. మూడో పాదంలో ఒక అక్షరం జారిపోయింది. పండితులంతా తలలు దించుకున్నారు. రాజు, ఇప్పుడు ఆ సభలోనే పండితుడైన రుచిపతి వైపు తిరిగి, "సరిగ్గా ఉందా?" అని అడిగాడు.

"మూడో పాదంలో ఒక లఘువు తక్కువైంది ప్రభూ."

చిన్నప్పటి అలవాటు, నోటికి వచ్చేసింది. వెనకనుంచి ఎవరో కిసుక్కున నవ్వారు.

ఇంటికి వచ్చాక ముసలాయనకు ఆ నవ్వు గుర్తుంది, తప్పు ఎక్కడో గుర్తులేదు. ఎందుకు నవ్వారని తెల్లారగానే భార్యను అడిగేవాడు. శ్లోకంలో శిష్యుడే తప్పు పట్టాడని ఊరంతా అనుకుంటున్నదే ఆమె చెప్పేది. అప్పుడే విన్నట్టు ఆయన ముఖం పాలిపోయేది. మర్నాడు మళ్ళీ అదే ప్రశ్న. అటుకులూ పెరుగూ కలిపి పెట్టినా ముట్టేవాడు కాదు.

కుముదిని రుచిపతిని పిలిపించింది.

"సభలో నీ నోరు ఊరుకోలేదు. ఇప్పుడైనా ఒక్క అబద్ధం ఆడు నాయనా. నీ మాటైతే నమ్ముతారు."

రుచిపతి మంచం పక్కన కూర్చున్నాడు. "గురువుగారూ, మీ శ్లోకంలో తప్పు లేదు. నేనే సరిగ్గా వినలేదు."

ముసలాయన కళ్ళు మెరిశాయి. "నిజంగానా? ఏదీ, చదువు."

రుచిపతి చదివాడు. మూడో పాదంలో ఖాళీ తెలియకుండా 'హి' అని ఒక అక్షరం చేర్చాడు. వేళ్ళమీద గణాలు లెక్కపెడుతున్న గురువు చెయ్యి ఆగిపోయింది.

"ఆ 'హి' ఎవడిదిరా?"

రుచిపతి ఆ పాదం మళ్ళీ మొదటినుంచి ఎత్తుకోబోయాడు.

"పాదం నిండకపోతే 'హి' కుక్కమని నేర్పానా నీకు? అది నాది కాదు. అంటే తప్పింది అక్కడే." లెక్కపెడుతున్న వేళ్ళు ముడిచేశాడు. "నువ్వు కూడా నాకు అబద్ధం చెప్పే రోజొచ్చిందంటే, నా పని అయిపోయినట్టేరా."

గోడవైపు తిరిగి పడుకున్నాడు.

మర్నాడు ఆయన భార్యను ఏమీ అడగలేదు. శిష్యుడి అబద్ధం మాత్రం గుర్తుండిపోయింది. దసరా రాకముందే పోయాడు.

పాడె ఎత్తడానికి రుచిపతి ముందుకొస్తే కుముదిని చెయ్యి అడ్డం పెట్టింది.

"నిన్ను పిలిచింది నేనే. నీ మీద కోపం లేదు నాయనా. కానీ నువ్వు పట్టొద్దు."

అతను పక్కకు తప్పుకున్నాడు. అందరూ ముందు సాగాక, కమలా గట్టు బురదలో చివరన నడిచాడు.