చెప్పకూడని నంబరు

"ఈ మధ్య ఫోను ఎంత బుద్ధిగా ఉందో చూశావా?" అన్నాడు దేవదాసు, నేను వంటింట్లో గోంగూర నూరుతుంటే. ఆ మాటలో సంతోషం కాస్త ఎక్కువైంది. పదకొండేళ్ల కాపురంలో నాకు బాగా తెలిసిందొకటే, మా ఆయన ఊరికే సంతోషపడడు.

ఫోను నా పేరు మీద ఉంది. నర్సునని హాస్పిటలు కోటాలో వరస రాకముందే ఇచ్చారు. డైరెక్టరీలో "ఎలిజబెత్" అని నా పేరు, కింద ఇంటి అడ్రసు అచ్చయిన రోజు మా అత్తగారు మరియమ్మ అన్నం ముట్టలేదు. "ఆడదాని పేరు ఊరందరి చేతికీ ఇస్తారా? ఎవడుపడితే వాడు చూడడూ?" అంది. ఊరందరి కాన్పులూ నేను చేస్తే రాని సిగ్గు, అచ్చులో నా పేరు చూస్తే వచ్చింది. నొప్పులు మొదలైతే బళేపేట ఆడవాళ్లు పక్క కొట్టునుంచి ఫోను చేసి నన్ను పిలిచేవాళ్లు. రిసీవరు మాత్రం మా ఆయనే ఎత్తేవాడు. "ఎవరు మీరు? ఆవిడతో ఏం పని?" అని పోలీసులా ఆరా.

ఊళ్లో నంబర్లన్నీ మారి, కొత్త డైరెక్టరీ వచ్చి రెండు నెలలైంది. ఒక్క ఫోనూ లేదు. బెంగుళూరులో బిడ్డల్ని కనడం మానేశారా?

ఆ మధ్యాహ్నం వార్డులో గాజుల కొట్టు సొన్నమ్మ ఎదురైంది. కోడలు ఆటోలోనే కనిందట. "బుక్కులో నీ పేరే లేదు సిస్టరమ్మా. ఫోనాఫీసోళ్లని అడిగితే, ఎవరికీ చెప్పొద్దని నువ్వే రాసిచ్చినావంట. మేమేం తప్పు చేసినామమ్మా?" అని ఏడ్చింది. బిడ్డ బాగానే ఉంది. తల్లికి రక్తం ఎక్కిస్తున్నారు.

డ్యూటీ దిగి యూనిఫారంతోనే టెలిఫోన్ ఆఫీసుకు పోయాను. క్లర్కు మునినారాయణప్ప ఫైలు తిప్పి కాగితం చూపించాడు. రాత దేవదాసుది. సంతకం నాది. పోయిన నవంబరులో నేను చపాతీలు కాలుస్తుంటే, "రేషన్ కార్డు కాగితం, ఇక్కడ సంతకం పెట్టు" అన్నాడు. పిండి చేత్తోనే పెట్టాను. మా ఇంట్లో కాగితాలు చదవడం ఆయన పని, సంతకం చేయడం నా పని. మందు సీసా మీది చీటీ రెండుసార్లు చదవందే సూది వెయ్యని దాన్ని, మొగుడిచ్చిన కాగితం ఒక్కసారి చదవలేదు. నా మీద నాకే ఒళ్లు మండింది.

"పేరు మళ్లీ వెయ్యాలంటే?"

"ఫారం ఉండాది. ఎందుకైనా మంచిది, మీ యజమానుల్ని, అదే మీ ఆయన్ని, పిలుచుకోని రాండమ్మా."

"ఫోను ఎవరి పేరు మీదుందప్పా?"

అతను ఫారం తీసిచ్చాడు.

ప్రతి గడీ చదివి నింపాను. పేరు అచ్చు వెయ్యండి. అడిగినవాళ్లకు చెప్పండి. అడ్రసు దగ్గర కలం ఆగింది. ఆ ఇంట్లో ఫోను మళ్లీ మోగితే ఎత్తేదెవరో నాకు తెలుసు. హాస్పిటలు వెనక నర్సుల క్వార్టర్సులో నాకు రావలసిన గది ఒకటుంది, కాపురం చేసుకునే నాకెందుకులే అని ఇన్నేళ్లూ వద్దన్నాను. ఫోను అక్కడికి మార్చమని ఆ అడ్రసు రాశాను.

మునినారాయణప్ప కళ్లజోడు సర్దుకుని చూశాడు. "ఇల్లు ఎప్పుడు మారినారమ్మా?"

"ఇప్పుడే" అన్నాను.