కంప్యూటర్ గదిలో నేను చూసింది

నా రాతలో తప్పులుంటే సర్దుకొని చదవండి. ముప్పై దాటాక పలక పట్టినదాన్ని. ఒత్తులు ఇప్పటికీ తికమక పెడతాయి. ఒక పేజీ రాయడానికి నాకు రెండు రోజులు పడుతుంది.

జహీరాబాద్ బయట నీళ్ల మోటార్లు చేసే ఫ్యాక్టరీ ఒకటి ఉండేది. దాని ఆఫీసులో నేను ఊడ్చి తుడిచేదాన్ని. 1988లో అక్కడికి కంప్యూటర్ వచ్చింది. దాని కోసం అద్దాల గది కట్టి ఏసీ పెట్టారు. ఆఫీసర్లు కూడా చెప్పులు బయట విడిచి లోపలికి పోయేవారు. నేను పొడిగుడ్డతో బల్లలు తుడవాలి, మిషను మీద చెయ్యి వేయకూడదు. దాని మీద పని చేసేది జగన్‌మోహన్, ముప్పై దాటిన మనిషి, ఇద్దరు పిల్లల తండ్రి.

దసరాకు ఆయుధపూజ చేశారు. మోటార్లు చేసే మిషన్లకు బొట్టు పెట్టినట్టే కంప్యూటర్‌కూ పెట్టమని మేనేజర్ మదన్‌మోహన్ సారే చెప్పాడు. పెట్టెకు తడి పసుపుతో మూడు బొట్లు పెట్టి, బంతిపూల దండ వేసి వచ్చాను.

సెలవులయ్యాక మిషను తెరిస్తే తెర మీది అక్షరాలు ఒక్కొక్కటే ఊడి, కిందికి రాలి, అడుగున కుప్పపడ్డాయి. నేను గుమ్మంలో నిలబడి చూశాను. అక్షరం రాని నాకు జొన్నకంకి దులిపితే గింజలు రాలినట్టు కనిపించింది. సామాన్ల లిస్టు, పనివాళ్ల హాజరు, ఆరు నెలల నుంచి ఎక్కించినవన్నీ పోయాయని జగన్‌మోహన్ తల పట్టుకున్నాడు. తర్వాత నన్ను చూశాడు. "పూజనాడు లోపటికి పోయింది గీమెనే సార్. పసుపునీళ్లు లోపట దిగినట్టున్నయ్" అన్నాడు.

మేనేజర్ నా వైపు తిరిగాడు. ఆయన ఏమీ అడగకముందే నేను "తప్పయింది సార్" అన్నాను.

ఆ మాట ఎట్లా వచ్చిందో చెప్పాలి. పదిహేనేండ్లకు న్యాల్‌కల్ దగ్గరి పల్లెకు కోడలిగా వచ్చాను. పాలు విరిగితే ఏం చెయ్యి పెట్టినవే అనేది మా అత్త. బర్రె తన్నినా, రొట్టె మాడినా, వాన వెనక్కు పోయినా నా వైపే చూసేది. మా ఆయన కొట్టే మనిషి కాదు. అందుకని ఊళ్లో మంచివాడని పేరు. తప్పయిందను, లొల్లి పోతది, నీ సొమ్మేం పోయింది అనేవాడు. అట్లా ఏం జరిగిందో తెలుసుకోకముందే తప్పయిందనడం నేర్చుకున్నాను. అనేస్తే నన్ను వదిలేవారు, మిగిలిన పని చేసుకోనిచ్చేవారు. ఆయన బొంబాయి రోడ్డు మీద లారీ కింద పడి పోయాడు. ఏ లారీయో ఎవరూ చూడలేదు. నీ అడుగు మంచిదైతే నా కొడుకు గిట్ల పోయెటోడా అంది అత్త. శవం ఇంకా వాకిట్లోనే ఉంది. అప్పుడు కూడా తప్పయిందత్తా అన్నాను.

ఇంట్లో ఆ మాటతో గొడవ ఆగేది. ఆఫీసులో దాన్ని కాగితం మీదికి ఎక్కించారు. టైపిస్టు బాలమణి టైపు కొట్టింది. మేనేజర్ స్టాంపుప్యాడు నా ముందుకు జరిపాడు. ఆ పని పోతే నేను, అత్త, ఏడో తరగతి చదివే నా బిడ్డ పస్తులుండాలి. బొటనవేలు సిరాలో అద్దాక, ఏం రాశారో చదవమని బాలమణిని అడిగాను. నేను పసుపునీళ్లు మిషనులో పోసి పాడు చేశానని ఉంది.

"పోసినవా అక్కా?"

"లేదమ్మా. బొట్టు పెట్టనీకె వేలికి తడి అంటింది, గంతే."

"మరి తప్పయిందని ఎందుకన్నవ్?"

ఆ సంగతి నన్ను అంతవరకు ఎవరూ అడగలేదు. వేలు కొంగుకు తుడుచుకుని, నేను పోయలేదు కాబట్టి ముద్ర వేయనన్నాను. ఇంజినీరు వచ్చేదాకా గేటు బయట కూర్చోమన్నాడు మేనేజర్. మూడు రోజులు కూర్చున్నాను. కంప్యూటర్‌కు తానం పోసినామె గీమెనే అని లోపలికి పోయేవాళ్లు నవ్వారు.

నాలుగో రోజు హైదరాబాద్ నుంచి ఇంజినీరు వచ్చి పెట్టె విప్పాడు. లోపల తడి లేదు, పసుపు లేదు. ఇది ఎవరో కావాలని రాసి వదిలిన దొంగ ప్రోగ్రామట. ఫ్లాపీలో దాక్కుని ఒక మిషను నుంచి ఇంకో మిషనుకు పోతుందట, నెలలపాటు మెదలకుండా ఉండి ఒక తారీఖున లేస్తుందట. గదిలోని ఐదు ఫ్లాపీల్లో అది దొరికింది. రెండు హైదరాబాద్ ఆఫీసు పంపినవి, రెండు జగన్‌మోహన్‌వి, ఒకటి మేనేజర్ తెచ్చింది. ముందు ఏది తెచ్చిందో చెప్పలేనన్నాడు.

మేనేజర్‌కు ఆ జవాబు చాలలేదు. పైవాళ్లకు ఒక పేరు పంపాలి. నన్ను పిలిచి కుర్చీ వేయించాడు. ఆ ఆఫీసులో నేను కుర్చీలో కూర్చున్నది అదే మొదలు.

"పండుగ ముంగట జగన్‌మోహన్ బయటి ఫ్లాపీ తెచ్చి ఆటలాడిండు. నువ్వు చూసినవ్ గద బస్వమ్మా? చూసిన అను. రేపటి సంది పనిలకు రా."

జగన్‌మోహన్ తలుపు దగ్గరే ఉన్నాడు. నన్ను మూడు రోజులు గేటు బయట కూర్చోబెట్టింది ఆ నోరే. ఒక్క మాటంటే నా పని నాకొస్తుంది, అతనికీ ఆ రుచి తెలుస్తుంది. అనాలని నాలుక చివరిదాకా వచ్చింది. కాని అతను రోజూ ఫ్లాపీలు పెట్టేవాడు, అది అతని పని. అన్నీ నల్లగానే ఉండేవి. ఏది ఆఫీసుదో, ఏది బయటిదో నాకేం తెలుసు?

"ఫ్లాపీ పెడుతుంటె చూసిన సార్. గా ఫ్లాపీ ఎవరిదో, అండ్ల ఏముండెనో నాకు తెల్వదు. గంతే రాయుండ్రి."

"నీ మీద తప్పు ఏసినోని మీద గింత పావురమా, గింత ప్రేమా?"

"పావురం లేదు సార్."

బాలమణి అంతే రాసింది. రెండుసార్లు చదివించుకుని వేలిముద్ర వేశాను. ఎక్కడి నుంచి వచ్చిందో తేలలేదని ఇంజినీరు తన కాగితంలో రాసి సంతకం పెట్టాడు. దాంతో ఎవరినీ పనిలోంచి తీయలేకపోయారు. నన్ను మాత్రం క్యాంటీన్ గిన్నెలకు మార్చారు. అక్కడే మధ్యాహ్నాలు బాలమణి దగ్గర అ ఆ మొదలుపెట్టాను.

ఒకరోజు జగన్‌మోహన్ అక్కడికి వచ్చి, కాపాడినవక్కా అన్నాడు. నేను తల ఎత్తకుండానే గిన్నె తోముతూ, నిన్ను కాపాడలేదు, చూడనిది చెప్పలేదు అన్నాను. బయటి ఫ్లాపీ తెచ్చింది అతనే అయి ఉండొచ్చు కూడా. నాకు ఇప్పటికీ తెలియదు.

బస్వమ్మ, డెబ్బై ఒక్క ఏండ్లు. ఇప్పుడు ఝరాసంగంలో బిడ్డ దగ్గర ఉంటున్నాను.