మూడో తుపాకి

తుపాకి ముఖం చూసి దాని జాతకం చెప్పగలనని పాపారావుకి మహా గర్వం. కాకినాడ రిజర్వు పోలీసులో ఇరవయ్యేడేళ్లు తుపాకులు బాగుచేసి రిటైరయ్యాడు. పెళ్లి భోజనాల్లో పక్కవాడు వానల సంగతి ఎత్తినా సరే, రెండు నిమిషాల్లో దాన్ని గొట్టాల దగ్గరికీ మీటల దగ్గరికీ లాక్కొచ్చేసేవాడు. భార్య పుష్పలత అది కనిపెట్టి ముందే వేరే వరసలో కూర్చునేది. అలాంటి మనిషికి, అన్నగారు సత్యానందం మాస్టారు పోయిన నెల్లాళ్లకి వదినగారు దానమ్మ ఉత్తరం రాసింది.

"మీ అన్నయ్యగారి తుపాకి లైసెన్సు ఆయనతోనే సరి అన్నారు మరిదిగారూ. సోమవారంలోగా ఇంట్లో ఉన్నవన్నీ రాజోలు స్టేషనులో అప్పజెప్పాలట. ఏది ఏమిటో, దేనికెంత విలువో జాబితా రాసివ్వాలట. నాకు వీటి సంగతి ఏం తెలుసు? ఆదివారం ఆయన జ్ఞాపకార్థ కూడిక పెట్టుకున్నాం. శనివారం పొద్దున్నే వచ్చి చూసిపెట్టండి."

ఉత్తరం చదివి పాపారావు ఏడ్చాడు. ఏడుస్తూనే, తన పనితనం అవసరపడిందని లోలోపల కాస్త పొంగాడు కూడా. ఆ పొంగు తనకే సిగ్గనిపించింది.

శనివారం రాజోలులో బస్సు దిగి కాలవగట్టున నడుస్తుంటే, బాతుగుడ్ల బుట్టతో వీరాయమ్మ ఎదురైంది. యాభై దగ్గర పడుతున్న మనిషి. నుదుటిన ఇంత బొట్టు, కాళ్లకి మట్టెలు.

"పాపారావుగారండీ, బాగున్నారాండి? మా ఆయన మీ పోలీసోళ్లకి ఎక్కడన్నా కనపడ్డాడాండి?"

"లేదు వీరాయమ్మా. కనపడితే చెవి పట్టుకుని తీసుకురానూ?"

వచ్చినప్పుడల్లా ఆవిడ అడిగేదీ ఇదే, ఆయన చెప్పేదీ ఇదే. పదమూడేళ్లుగా సాగుతున్న మాటలివి. ఆవిడ భర్త అంజిబాబు పిట్టల వేటగాడు. డెబ్బై ఒకటో సంవత్సరం చలికాలంలో ఒక తెల్లవారుజామున నాటు తుపాకి పట్టుకుని గోదావరిలోకి దిగాడు. మళ్లీ ఇంటికి రాలేదు.

అతను పరజల్ని, చలికాలం ఏట్లో వాలే అడవిబాతుల్ని, కొట్టే తీరు ఆ లంకల్లో అందరికీ తెలుసు. రెండు అరటిబోదెలు జతచేసి కట్టి, వాటి మీద తుపాకి పెట్టి, పైన గుర్రపుడెక్క కప్పేవాడు. తను పీకలోతు నీళ్లలో వాటి వెనక నక్కి, నెత్తిన కూడా అదే ఆకు వేసుకుని, ఏటివాలున పోతున్న చెత్తలాగా మెల్లిగా పిట్టల మధ్యకి చేరేవాడు. పిట్టలకే కాదు, గట్టు మీద నిలబడ్డ మనుషులకీ కనపడేవాడు కాదు.

శవం దొరకలేదు. తుపాకీ దొరకలేదు, బోదెలూ దొరకలేదు. మనిషి మునిగితే బోదెలన్నా తేలాలి కదా అని ఊరు లెక్క తేల్చింది. తుపాకి వేసుకుని ఏజెన్సీ వైపు పోయాడనీ, అక్కడెవరినో చేరదీశాడనీ చెప్పుకున్నారు. వీరాయమ్మ బొట్టు తీయలేదు. అప్పటికి ఎనిమిదేళ్లవాడైన కొడుకు బాబూరావుని సత్యానందం మాస్టారు తన ఇంట్లో పెట్టుకుని చదివించారు. ఇప్పుడు వాడు ట్రైనింగ్ పాసై పంతులయ్యాడు. కన్నతండ్రి పేరెత్తితే మాత్రం అక్కణ్ణించి లేచిపోతాడు.

దానమ్మ మంచం కింద నుంచి పొడుగాటి చెక్కపెట్టె బయటికి లాగించింది. వీధి తలుపు గడియ వేసి వచ్చి, పీట మీద కూర్చుంది. పాపారావు కళ్లజోడు తుడుచుకుని, కాగితం, కలం పక్కన పెట్టుకున్నాడు.

"ఇది తెలిసిందే," అన్నాడు మొదటిది తీసి. "జోడు గొట్టాలది. ఇంగ్లండు సరుకు. నాన్న సీమోనుగారికి మిషను దొరగారు వెళ్లిపోతూ ఇచ్చింది. మన పేటలో లైసెన్సు ఉన్న మొట్టమొదటి తుపాకి వదినగారూ. ఈ రోజుల్లో ఆరు వేలకి తక్కువైతే అమ్మొద్దు."

"ఆయ్," అంది దానమ్మ.

గొట్టాలు విరిచి వెలుగుకేసి పట్టి చూశాడు. లోపల వేసిన నూనె అరిగిపోలేదు, గట్టిగా పేరుకుపోయి ఉంది. "ఇది పేలి పదేళ్ల పైమాటే. అన్నయ్య వేట మానేశాడా?"

"మానేసేరు."

"ఎందుకని?"

"మనసొప్పలేదన్నారు."

రెండోది ఎయిర్‌గన్ను, పిల్లలు పిచ్చికల మీద సరదాపడ్డది. దానికి లైసెన్సూ అక్కర్లేదు, విలువా లేదు. వంద రూపాయలని రాసి పక్కన పెట్టేశాడు. పెట్టె ఖాళీ అయిందనుకుని మూత వేయబోతే, "అడుగున ఇంకోటుందండి," అంది దానమ్మ. ఆవిడ గొంతు మారింది.

పాత దుప్పటి ముక్కలో చుట్టి ఉంది మూడోది. నాటు తుపాకి. మూతిలోంచి మందు దట్టించి పేల్చే రకం. కర్రకి వెనక, పేలినప్పుడు భుజానికి దెబ్బ తగలకుండా, చీర అంచు ముక్క మడతలు పెట్టి కుట్టి ఉంది. రంగు వెలిసిపోయి మట్టిలా అయింది. పాపారావు దాన్ని తిప్పి, మందు మీద కొట్టే ఇనప సుత్తిని వేలితో వెనక్కి లాగాడు. దాని అడుగున, ఎవరూ చూడని చోట, ఆకురాయితో గీసిన మూడు గీతలున్నాయి.

ఆయన చెయ్యి అక్కడే ఆగిపోయింది.

తను బాగుచేసిన ప్రతి తుపాకికీ లోపలివైపు మూడు గీతలు గీయడం ఆయన అలవాటు. సర్కారు తుపాకికైనా సరే, ఎవరికీ చెప్పకుండా గీసేవాడు. ఈ సుత్తి డెబ్బైలో శెలవుకి వచ్చినప్పుడు ఈ ఇంటి పెరట్లోనే చేశాడు. అంజిబాబు వచ్చి బతిమాలితే, లైసెన్సు లేని తుపాకి అని తెలిసి కూడా, నాలుగు పరజల కూరకి ఆశపడి చేసిపెట్టాడు. పోలీసు కొలువులో ఉన్నవాడు చేయకూడని పని. బయటపడి ఉంటే ఆ రోజే ఉద్యోగం ఊడేది. ఇప్పుడు బయటపడితే పెన్షను.

ఇది అన్నయ్య మంచం కిందికి ఎలా వచ్చింది? ఆ ప్రశ్న గొంతు దాకా వచ్చింది. కానీ అడగాలంటే, ఇది ఎవరిదో తెలుసని ముందు ఒప్పుకోవాలి.

దానమ్మ ఆయన ముఖం వైపే చూస్తోంది. "ఇది ఎవరిదో చెప్పగలరా మరిదిగారూ?"

"ఇలాంటివి లంకల్లో బోలెడు," అన్నాడు పాపారావు. "ఎవరిదని చెప్తాం?"

"ఏ గుర్తూ లేదా?"

"లేదు."

"విలువ?"

"పాత ఇనుము కింద కొంటే పది రూపాయలు."

ఆవిడ దుప్పటి ముక్క మళ్లీ చుట్టేసింది. "మీరే గుర్తుపట్టలేకపోతే ఇంకెవరూ పట్టలేరు. దేవుడి చిత్తం అలా ఉందనుకుంటాను. మీరు చెప్పేదాన్ని బట్టే చేద్దామని నెల్లాళ్లుగా ప్రార్థన చేసుకుంటున్నాను. పదండి, రేవులో వేసేద్దాం."

ఆ మాటకి పాపారావుకి ప్రాణం లేచొచ్చినట్టయింది. తను ఆడింది అబద్ధమని ఆవిడకి తెలుసో తెలీదో అర్థం కాలేదు. చాపలో చుట్టిన తుపాకిని ఆవిడే చంకన పెట్టుకుంది, ఆయన్ని పట్టుకోనివ్వలేదు. సంతకి వెళ్లేవాళ్లంతా అప్పటికే దాటిపోయారు. కొబ్బరితోటల మధ్య బాట మీద ఎవరూ లేరు. ముందు ఆవిడ, వెనక ఆయన. తుపాకి ఇక్కడే ఉందంటే అంజిబాబు ఏజెన్సీకి పోయినవాడు కాదు, ఆ నీళ్లలోనే పోయినవాడని ఆయనకి తెలిసిపోతూనే ఉంది. ముప్ఫై ఏళ్లు స్కూల్లో పిల్లలకి నీతులు చెప్పిన అన్నయ్య ముఖం, మందు మరకలున్న తన రెండు చేతులు, మార్చి మార్చి కళ్ల ముందు ఆడాయి.

రేవులో మెట్ల మీద వీరాయమ్మ ఖాళీ బుట్ట కడుక్కుంటోంది.

"మంచిదే అయింది దానమ్మగారండీ, మీ ఇంటికే వద్దామనుకుంటన్నాను," అంటూ లేచింది. "రేపు మాస్టారి కూడికకి వంద గుడ్లు నావి. డబ్బులంటే మాత్రం ఊరుకోనండి."

"అలాగేలే," అంది దానమ్మ. చంకలో చాప ఇంకా గట్టిగా అదుముకుంది.

"మావోడు రేపు మాట్లాడతాడంటండి. రాత్రి కాయితం మీద రాసుకుని నాకు చదివి వినిపించేడు. 'నాకు తండ్రి మాస్టారే, నన్ను కన్నవాడు తండ్రి కాదు, నడిరోడ్డున వదిలేసి పోయిన దొంగ' అని రాసేడండి." వీరాయమ్మ బుట్ట బోర్లించి నీళ్లు వంపింది. "మాస్టారు దేవుడే, కాదన్ను. కానీ అంతమందిలో ఆ మాట వినాలంటే నా కడుపులో చెయ్యెట్టి దేవినట్టు ఉందండి. వాడికి ఆ మాట నేర్పింది నేనే. తిట్టి తిట్టి నేర్పేను. పాపారావుగారండీ, మీరు చదువుకున్నోరు, మీరన్నా వాడికి చెప్పండి."

పాపారావు గోదారికేసి చూశాడు. పాటు మీద ఉంది నది. నీరంతా అంతర్వేది వైపు, సముద్రానికి లాగుతోంది. తోసేస్తే చాలు, ఒక్క నిమిషంలో అయిపోయే పని. పెన్షను నిలుస్తుంది. రేపు కూడికలో అన్నయ్య ఫొటోకి దండ పడుతుంది. నీళ్లలో మునిగి చచ్చినవాడు దొంగగానే మిగిలిపోతాడు.

"వదినగారూ, అది ఇలా ఇవ్వండి," అన్నాడు.

దానమ్మ వెంటనే ఇచ్చేసింది. ఆయన మెట్టు మీద చాప విప్పాడు. సుత్తిని వెనక్కి లాగి, దాని అడుగు పైకి కనపడేలా తిప్పి పట్టుకున్నాడు.

"ఇందాక మీకు అబద్ధం చెప్పేను వదినగారూ. ఇది అంజిబాబు తుపాకి. ఈ సుత్తి చేసింది నేనే. కింద నా గీతలున్నాయి."

వీరాయమ్మ బుట్ట కింద పెట్టింది. దానమ్మ అక్కడే తడి మెట్టు మీద కూలబడిపోయింది. పదమూడేళ్లు ఊపిరి బిగబట్టి ఇప్పుడు వదిలినట్టు చెప్పడం మొదలుపెట్టింది.

"ఆవేళ మంచు వీరాయమ్మా. మా ఆయన గట్టు మీంచి పరజల గుంపులోకి పేల్చేరు. గుర్రపుడెక్క కింద మనిషున్నాడని ఆయనకి తెలీదు. కేక విని దూకేరు. పాటు లాగేసింది, మనిషి చిక్కలేదు. బోదెలు చిక్కేయి, వాటి మీద ఇది చిక్కింది. ఇది పట్టుకుని తడి బట్టల్తో ఇంటికొచ్చి, స్టేషనుకి వెళ్తానన్నారు. గుమ్మానికి అడ్డంగా కూర్చుంది నేను. ముగ్గురు పసిపిల్లలు, ఉద్యోగం పోద్ది, జైలుకి పోతారని కాళ్లు పట్టుకున్నాను. బోదెలు నా చేత్తోనే నరికి దిబ్బలో కప్పేను. ఏటా చలికాలం వస్తే చెప్పేస్తానని ఆయన లేచేవారు, ఏటా నేను కూర్చోబెట్టేదాన్ని. ఆయన ఎరక్క చేసేరు. నేను తెలిసి చేసేను."

వీరాయమ్మ వంగి, తుపాకి కర్రకి కుట్టిన అంచు మీద బొటనవేలితో రాసింది. వెలిసిపోయిన మడత ఒకటి విప్పింది. లోపలివైపు ఇంకా నెమలికంఠం రంగు ఉంది.

"నా పెళ్లి చీరంచు," అంది. "భుజం కమిలిపోతందంటే నేనే కుట్టిచ్చేను."

చాలాసేపు అలా పట్టుకునే ఉంది. తిడుతుందేమోనని పాపారావు చూశాడు. తిడితే బాగుండుననిపించింది. పక్కన దానమ్మ నోట్లో కొంగు కుక్కుకుని ఏడుస్తోంది.

"అయితే ఆయన నన్నొదిలేసి ఎక్కడికీ పోలేదు," అంది వీరాయమ్మ చివరికి. అది వాళ్లకి చెప్పిన మాట కాదు.

"సోమవారం జాబితాలో ఇది కూడా రాస్తాను," అన్నాడు పాపారావు. "ఎవరిదో రాస్తాను, ఎవరు బాగుచేసేరో రాస్తాను. మా అన్నయ్య చేసిందీ చెప్తాను. తరవాత వాళ్లిష్టం."

"ఎవరికి రాసుకుంటారో మీరు రాసుకోండి. మావోడికి మాత్రం ముందు నేను చెప్పాలి. ఆ కాయితం చింపించాలి." దానమ్మ వైపు తిరిగింది. "మిమ్మల్ని ఏమనాలో నాకు ఇయ్యాల తెలీటం లేదు దానమ్మగారండీ. గుడ్లు మాత్రం తేను."

దానమ్మ తల ఊపింది.

వీరాయమ్మ బుట్ట ఎత్తుకోబోయి ఆగింది. తడి చెయ్యి నుదుటిదాకా వెళ్లి, బొట్టు దగ్గర నిలిచింది. ఆ చెయ్యి ఏం చేయబోతోందో అర్థమై పాపారావు తల దించుకున్నాడు. కానీ ఆవిడ చెయ్యి కిందికి దించేసి, కొంగుకి తుడుచుకుంది.

"ఇయ్యాల ఒక్కరోజూ ఉంచుకుంటానండి," అంది. "పదమూడేళ్లూ ఆయన్ని తిట్టుకుంటా పెట్టుకున్నాను. ఒక్క పూటన్నా మనసారా పెట్టుకోవాలి."