నూట పన్నెండు పేజీల ఇల్లు

ఇంకా మూడు రోజుల్లో విమానం ఎక్కాలనగా, సోమవారం పొద్దున ఫ్రిజ్ మీద ఉండాల్సిన నీలం అట్ట పుస్తకం మాయమైంది.

పాస్‌పోర్టు బీరువాలోనే ఉంది. టికెట్ ఉంది. స్పానిష్ స్కూలువాళ్లు పంపిన కాగితాలున్నాయి. దొంగ వాటి జోలికి పోలేదు. అక్కడే నాకు భయమేసింది. నన్ను ఆపాలంటే ఏది తియ్యాలో తెలిసిన మనిషి పని ఇది.

ఆ పుస్తకంలో మా ఇల్లుంది. నేను లేని నాలుగు వారాలూ ఇల్లెలా నడవాలో రెండు నెలలు కూర్చుని నూట పన్నెండు పేజీలు చేత్తో రాశాను. అత్తయ్య మాత్రల్లో ఏది తిన్నాక, ఏది పరగడుపున. వాషింగ్ మెషిన్ తలుపు పడకపోతే మోకాలితో ఎక్కడ నొక్కాలి. నీళ్ల మోటారు ఎంతసేపటికి ఆపాలి. అమ్మాయి స్కూలుకి ఏ రోజు ఏ బూట్లు. కుక్కర్ మూత ఎందుకు మొండికేస్తుంది, దాన్నెలా బుజ్జగించాలి. నిజానికి ఆ రెండు నెలలూ నేను స్పానిష్ నేర్చుకోవాలి. నేర్చుకోలేదని కాదు. చెవిలో పాఠం పెట్టుకునే కూరలు తరిగాను, సింకు పైన క్రియల పట్టిక అంటించుకుని గిన్నెలు కడిగాను. ఉతకడం, తుడవడం, వండడం అనే క్రియలు చప్పున పట్టుబడ్డాయి. వెళ్లడం మాత్రం ఏ సూత్రానికీ లొంగలేదు. చివరికి చూసుకుంటే, నేను ఆ భాష నేర్చుకున్న గంటల కంటే మా ఇంటిని మా ఇంట్లోవాళ్లకి నేర్పడానికి రాసిన గంటలే ఎక్కువ తేలాయి.

మాది పంపులు తయారుచేసే కంపెనీ. పదమూడేళ్లుగా అక్కడ ఉత్తరాలు రాస్తున్నాను. స్పానిష్ మాట్లాడే దేశాలతో కొత్తగా వ్యాపారం మొదలైంది. అక్కడికెళ్లి నాలుగు వారాలు భాష నేర్చుకుని వస్తే ఆ విభాగం నాదే అన్నారు. "మీవారిని ఓ మాట అడిగి చెప్పండమ్మా," అన్నాడు మేనేజర్. నేను కాదంటే నా పక్క సీటాయన వెళ్తాడు. ఆయన్ని మాత్రం మీ ఆవిడని అడిగావా అని ఎవరూ అనలేదు. గురువారం నేను బయల్దేరకపోతే ఆ కుర్చీ ఆయనది.

మావారు వద్దనలేదు. ఆయన దేనికీ వద్దనరు. "వెళ్లు, నాకేం అభ్యంతరం లేదు. కాకపోతే ఇంట్లో ఏది ఎక్కడుంటుందో నాకు తెలియదు, మరి నీ ఇష్టం," అన్నారు. ఆ 'నాకు తెలియదు' పెళ్లినాటి నుంచీ మాతోనే కాపురం చేస్తోంది. పోయినేడు అమ్మాయికి జ్వరమొస్తే ఆస్పత్రికి తీసుకెళ్లారు. ఏ మందైనా పడదా అని డాక్టర్ అడిగితే, నాకు తెలియదండీ అని నాకు ఫోన్ చేసి, ఆ ఫోన్ డాక్టర్ చేతిలో పెట్టి బయటికెళ్లి కూర్చున్నారు. నేను మీటింగ్‌లోంచి లేచొచ్చి మెట్ల మీద నిలబడి ఆ పడని మాత్ర పేరు చెప్పాను. ఆయన చెవిన ఆ పేరు ఇప్పటికీ పడలేదు. పుస్తకం మొదలుపెట్టింది ఆ మెట్లు గుర్తొచ్చే.

ముందు అత్తయ్యనే అనుమానించాను. కోడలు నలభై ఏళ్లకి పలకా బలపం పట్టుకుని పరదేశం పోతోందని ఫోన్లో చుట్టాలందరికీ చెప్పిందావిడే.

"నీ పుస్తకం నాకెందుకమ్మాయ్? నీ చీమల బారు రాత నా కళ్లజోడుకి ఆనితే కదా," అంది. కళ్లజోడు సవరించుకుని, "అది దొరక్కపోతే ప్రయాణం మానుకుంటావా?" అంది.

ఎగతాళిగా అనలేదు. నేను వంగి ఆవిడ మంచం కింద కూడా వెతికాను.

"ఏ పుస్తకం? దాని అట్ట రంగేమిటో కూడా నేను చూళ్లేదు," అన్నారు మావారు, మేజోళ్లు వెతుక్కుంటూ. వెతికి ఇచ్చాను.

సెలవు పెట్టి ఇల్లంతా గాలించాను. మధ్యాహ్నానికి కొత్త నోటు పుస్తకం కొనుక్కొచ్చి మళ్లీ మొదటినుంచి రాయడం మొదలెట్టాను. సాయంత్రానికి తొమ్మిది పేజీలయ్యాయి. నా పెట్టెలో ఇంకా ఒక్క చీరా పడలేదు.

ఆరింటికి అమ్మాయి తుమ్ముతూ వచ్చి కుర్చీలో కూలబడింది. ఒళ్లు వెచ్చగా ఉందని అత్తయ్య మందుల డబ్బా తీసి, పసుపు మాత్ర చింపబోయింది.

"అది వద్దమ్మా," అన్నారు మావారు పేపర్లోంచి తలెత్తకుండానే. "దానికి పడదు, పెదాలు వాస్తాయి. తెల్లది సగం వెయ్యి, ఏదైనా తిన్నాక."

నా చేతిలో గరిటె ఆగింది. ముప్ఫై ఒకటో పేజీ. పైనుంచి నాలుగో వరుస.

ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. పాపం, ఈశ్వరుడెప్పుడూ వంటింట్లో పనిచేసి ఉండడు.

అరవాలనిపించలేదు. తొమ్మిది పేజీలు రాసిన నా చెయ్యి చూసుకున్నాను. సిగ్గేసింది. పోయిన గొలుసుని దొంగ కోసం మళ్లీ చేయిస్తున్న మనిషిలా ఉన్నాను. పొయ్యి కట్టేశాను. కూర సగం ఉడికింది, ఉడకనీ. చేతులు తుడుచుకుని, అటకమీది పెట్టె దించి, హాలు మధ్యలో ఆయన కాళ్ల దగ్గర తెరిచాను.

"గురువారం పొద్దున ఏడింటికి టాక్సీ వస్తుంది," అన్నాను, చీరలు సర్దుతూ. "ఆ పుస్తకం మళ్లీ రాయను. ఎక్కడ దాచారో చెప్పకపోయినా ఫర్వాలేదు. ఎందుకు తీశారో అదొక్కటి చెప్పండి."

అత్తయ్య డబ్బా మూత పెట్టడం మానేసి కొడుకు వైపే చూస్తోంది. ఆయన పేపరు మడిచారు, విప్పారు, మళ్లీ మడిచారు.

"కారు డిక్కీలో ఉంది, స్పేర్ టైరు కింద. నేనే తీశాను. మొత్తం చదివాను, రెండుసార్లు. నువ్వు వెళ్తున్నావని కాదు తీసింది. అందులో నాకు చేతకాని పని ఒక్కటైనా ఉంటుందని వెతికాను, లేదు. అది ఇంట్లో ఉంటే, నువ్వు తిరిగొచ్చాక కూడా, నాకు తెలియదని ఇక అనలేను."