పడమటి గది

తలుపు మీద బయటినుంచి రెండు దెబ్బలు పడ్డాయి. లోపల పళ్ళపెట్టెలు పేరుస్తున్న మనిషి చేతిలోది దించకుండానే మోచేత్తో గోడమీద రెండు వేసి, నిక్షేపంగా ఉన్నానని జవాబిచ్చాడు. కోల్డ్ స్టోరేజీలో పద్ధతి అది. జోడీ లేకుండా లోపలికి పోకూడదు. ఒకడు లోపలుంటే జోడీవాడు బయట కాచుకుని మధ్యమధ్య తలుపు తట్టాలి. కాసేపటికి వాడు బయటికొచ్చి ఒళ్ళు వెచ్చబరుచుకుంటే వీడు లోపలికి పోవాలి. లోపలున్న ఆ మనిషి పెళ్ళికి ముందునుంచీ ఇదే పనిలో ఉన్నాడు. బొంతలాంటి కోటు, జతమీద జత మేజోళ్ళు, చెవులు కప్పే టోపీ, కనుబొమల మీద తెల్లటి మంచుపొడి. ఆ వేషంలో అచ్చం నడిచే పిండిబస్తాలా ఉంటాడు. ఇంటికెళ్ళి వేణ్ణీళ్ళు పోసుకున్నా ఎముకల్లో దూరిన చలి అంత తేలిగ్గా వదలదు.

ఇవాళ మాత్రం ఒళ్ళు బిగుసుకుపోతున్నా మనసు గాల్లో తేలుతోంది. సాయంత్రం బస్సుకి పెళ్ళాం పిల్లలతో ప్రయాణం. ఎర్రరాతి కోట, దాని చుట్టూ పాత ఊరు, రాణులు జలకాలాడిన కొలను. చిన్నప్పుడెప్పుడో క్యాలెండరు మీద చూశాడు. ఆ బొమ్మలో కోట కంటే కోటగోడ మీద పడ్డ ఎండే అతనికి ఎక్కువ నచ్చింది.

"ఎండ చూడ్డానికి అంత దూరం పోవాలట్రా? వాకిట్లో నించుంటే సరిపోదూ?" అన్నాడు జోడీ పనిచేసే పెద్దాయన, అతను బయటికి రాగానే.

"వాకిట్లో అయితే నేనొక్కణ్ణే నించోవాలి బాబాయ్" అని నవ్వేశాడు.

అసలు సంగతి పెద్దాయనకి చెప్పలేదు. చిన్నకూతురు అతని చెయ్యి పట్టుకోదు. రోడ్డు దాటేటప్పుడు చెయ్యి చాపితే "అమ్మో, ఐసు" అని వాళ్ళమ్మ వెనక్కి పోతుంది. అది నవ్వుతూనే అంటుంది, అతనూ నవ్వుతాడు. లోపల మాత్రం చివుక్కుమంటుంది. బాగా ఎండకాసే చోట నాలుగు రోజులుంటే తన చేతులూ అందరి చేతుల్లా అవుతాయని అతని నమ్మకం. ఈ మాట ఎవరితోనైనా అంటే పగలబడి నవ్వుతారని తెలుసు.

మధ్యాహ్నం అతను ఇల్లు చేరేసరికి పెద్దకూతురు సూట్‌కేసు మీదెక్కి కూర్చుంది. భార్య జిప్పు లాగుతోంది. గదీ టిక్కెట్లూ అన్నీ తానే చూసుకుంటానని, ఎవరినీ వేలు పెట్టనివ్వలేదు అతను. ఫోను మోగితే దర్జాగా స్పీకరు పెట్టాడు.

"లాడ్జీ నుంచి సార్. మేడమీద పడమటి గది అన్నారు, ఏసీ వద్దన్నారు. మా కుర్రాడు పొరపాటున రాసుకున్నాడేమోనని."

"పొరపాటేం లేదండీ. ఎండ బాగా పడుతుంది కదా?"

"పడుతుంది సార్. గోడ కూడా కాలుతుంది. అసలీ నెలలో మా ఊరికెవరూ రారు."

జిప్పు మధ్యలో ఆగిపోయింది. "ఏసీ మీరే వద్దన్నారా?" అంది భార్య.

"డబ్బులిచ్చి చలి కొనుక్కోవడం ఏమిటే?"

ఆ మాట పైకి అన్నాక గానీ పప్పులో కాలేసిన సంగతి అతనికి తట్టలేదు. తనకి చలి పడదు గనక లోకానికంతా పడదనుకున్నాడు పాపం. నెల కూడా అలాగే, మండువేసవి చూసి ఎంచుకున్నాడు.

భార్య ఒంటికాలి మీద లేచినా బాగుండేది. మెల్లగా అంది. "పిల్లలు వడలిపోతారండీ. చలికాలంలో వెళదాం లెండి."

చలికాలంలో సరుకు వచ్చి పడుతుంది, సెలవు మాట ఎత్తనివ్వరు. ఏటా జరిగేది అదే. పెద్దది అప్పుడే తల్లి భుజం దాటింది. ఇంకో రెండేళ్ళకి నాన్నతో కోట చూడ్డానికి దానికి తీరికెక్కడుంటుంది? ఇప్పుడు పోకపోతే ఇంక పోనట్టే.

అతను సూట్‌కేసు పక్కన కూలబడి నేలకేసి చూశాడు. కాసేపటికి తలెత్తేసరికి గొంతు మారింది. గిడ్డంగిలో కొత్తవాళ్ళకి పని నేర్పేటప్పటి గొంతు అది.

"ఎండైనా చలైనా ఒకటే. అందులో ఎంతసేపుండాలో తెలిస్తే చాలు. జోడీలుగా పోదాం. ఒక జోడీ ఎండలోకెళ్ళి చూసొస్తుంది, ఇంకో జోడీ నీడలో ఉండి పిలుస్తుంటుంది. పలక్కపోతే వెళ్ళి లాక్కురావడమే. మిట్టమధ్యాహ్నం ఎవరూ గది కదలొద్దు. ఇన్నేళ్ళుగా నేను చేస్తున్నది ఇదేగా? ఇంతవరకూ ఒక్కణ్ణీ పడిపోనివ్వలేదు."

"కింద ఏసీ గదుంది సార్, అదే రేటుకిస్తాను. ఎలాగూ ఖాళీయే" అంది ఫోను. లాడ్జీ పెద్దమనిషి ఇంకా లైన్లోనే ఉన్నాడు.

భార్య నవ్వాపుకోలేకపోయింది. "సరే, జోడీలెవరెవరు మరి?"

"నేను నాన్న జోడీ" అంది చిన్నది.

"ఐసు అంటావుగా?" అంది పెద్దది.

"అక్కడంతా ఎండేగా. ఆ చెయ్యి నాకే కావాలి." చిన్నది అతని అరచేతిని రెండు చేతులతో పట్టుకుని, చెంపకి ఆనించుకుని చూసుకుంది. "ఇంకా చల్లగా ఉన్నా పర్లేదు."

అతనికి ఏడుపొచ్చింది. చేతులు వెచ్చబడాలన్న కోరిక ఆ క్షణంలోనే మర్చిపోయాడు. ఫోనులో పెద్దమనిషి "హలో, హలో" అంటూనే ఉన్నాడు.

సాయంత్రం సామాను వాకిట్లోకి చేరింది. కిటికీలు వేసి ఉన్నాయో లేదో చూద్దామని అతను లోపలికెళ్ళాడు. పొద్దున పనికి పోయే ముందు, తెల్లవారుజామున చలేస్తే ఎలా అని సూట్‌కేసు అడుగున ఇంటిల్లిపాదికీ స్వెటర్లు పెట్టాడు. భార్య ఎప్పుడు చూసిందో, ఒక్క మాటా అనకుండా అన్నీ తీసి మంచం మీద పెట్టేసింది. అలవాటు కొద్దీ అతని చెయ్యి వాటి మీదికి పోయింది, మళ్ళీ వెనక్కి తీసుకున్నాడు.

"నాన్నా, బస్సుకి టైమైంది" అని వాకిట్లోంచి కేక వినిపించింది. అతను ఈలవేసుకుంటూ బయటికొచ్చి తాళం వేశాడు. నలుగురూ జంటలు జంటలుగా వీధి మలుపు తిరిగారు. ఇంట్లో మంచం మీద స్వెటర్లు దొంతరగా ఉండిపోయాయి, అన్నిటికంటే పైన చిన్నదానిది, మెడదాకా గుండీలు పెట్టి.