వరుసలో నిలబడ్డ దేవత

అయినా అన్నపూర్ణ చేతికి ఖాళీ గిన్నె ఎలా ఇస్తుంది అమల, శివుడికే భిక్ష పెట్టిన తల్లి కదా, అనువాద కవితల పుస్తకం వేస్తున్న ఆదిశేషయ్య సారేమో ఫోన్లో తేలిగ్గా అనేశారు, డిమీటర్ అంటే మనవాళ్ళకేం తెలుస్తుందమ్మా, పంటల దేవతేగా, అన్నపూర్ణ అని మార్చేసి సాయంత్రానికల్లా పంపెయ్యండి, పుస్తకం అచ్చుకు పోవాలి అని, గ్రీసులో బ్యాంకులు మూతపడి జీతాలు సగమైపోయిన రోజుల మీద రాసిన కవిత అది, ఏథెన్స్ వీధిలో ఉచితంగా సూపు పోసేచోట నడుముకు కొడవలితో, చేతిలో ఖాళీ గిన్నెతో ఆ దేవత వరుసలో నిలబడి ఉంటుంది, కవి ఇంకేమీ చెప్పడు, అమలే తెలుగు చేస్తూ సిగ్గుతో తలవంచుకుని అని ఓ ముక్క కలిపింది, వాక్యం మరీ బోడిగా ఉందని,

కిటికీ అవతల బర్రె అరిచింది, ఉప్పుగూడలో తమ కొట్టంలోని ఆరు బర్రెల్లో మిగిలిన ఆఖరిది, దాణా ధరకు తట్టుకోలేక ఒక్కొక్కటే పోగా ఇవాళ దీన్ని చాంద్రాయణగుట్ట రాజన్న కొని తోలుకుపోతున్నాడు, పలుపు గూడ ఇచ్చెయ్యి వదినా అంటున్నాడు, అమ్మ ఆండాలు దాని మెడలోంచి పలుపు విప్పి, బర్రెనమ్మిన గని పలుపునమ్ముతనా, నీ తాడు నువ్వు తెచ్చుకోవాలె, కొత్తగ కొంటున్నవా ఏంది అని కసిరి భుజాన వేసుకుంది, పలుపు ఇచ్చేస్తే కొట్టంలోకి మళ్ళీ పశువు రాదంటారు, ఇక అమ్మ ఏడుస్తుందేమోనని అమల బయటికొస్తే, రాజన్నకు చాయ్ పొయ్యాలె, పాలు లెవ్వు అంటూ అమ్మ కమల దుకాణం వైపు నడుస్తోంది, పాలు లేవన్న మాట ఈ ఇంట్లో పుట్టి బుద్ధెరిగాక అమల వినలేదు, నేను తెస్త, నువ్వుండే అమ్మా అని వెంటబడింది, గల్లీ అంతా చూస్తుంది మరి, ముప్పై ఏళ్ళు గల్లీకి పాలు పోసిన మనిషి పాల పాకెట్ కోసం నిలబడటం,

అమ్మ వినలేదు, ముగ్గురి వెనక నిలబడింది భుజాన పలుపుతోనే, అయ్యో ఆండాలక్కా, నువ్వు పాకెట్ కొనుడేందే అంది కమల, ఏం జేస్తమే, ఇన్నేండ్లు నీళ్ళు నేను కలిపిన, ఇగ కంపెనీవోళ్ళు కలుపుతరు అంది అమ్మ, అందరూ నవ్వారు, అందరికంటే గట్టిగా అమ్మే, జర జల్ది ఇయ్యి, ఇంట్ల మనిషి కూసున్నడు అని చెయ్యి చాపింది, అమల మాత్రం చున్నీ సర్దుకుంటూ నేల చూస్తోంది, ఇక్కడ తల వంచుకున్నది తనొక్కతే, ఆకలేస్తే అన్నపూర్ణైనా డిమీటరైనా గిన్నె పట్టుకుని నిలబడుతుంది, తన వంతు వచ్చిందా లేదా అని ముందుకే చూస్తుంది, కవి రాయని ఆ సిగ్గు తనదే.